కేకు కింద కాగితం

దిగ్నోరా చేతి మీదుగా ఇప్పటికి నలభై ముగ్గురు పిల్లలు ఆడో మగో తేలారు. అప్పటికి వాళ్లెవరూ పుట్టనే లేదు. మోకా ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లు దగ్గర్లోని పెద్ద ఊరు శాంతియాగో వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంటారు. ఫలితం కవర్లో పెట్టి, మూతి అంటించి, తెచ్చి దిగ్నోరా చేతికిస్తారు. తల్లికి తెలియదు, తండ్రికి తెలియదు, కేకు చేసే మనిషికి మాత్రం తెలుస్తుంది. ఆవిడ లోపల గులాబీ రంగో నీలం రంగో నింపి, పైన తెల్లటి నురగ కప్పి, శనివారం మధ్యాహ్నం తీసుకెళ్లి బల్ల మీద పెడుతుంది. కోసేదాకా చుట్టాలు పక్కాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు.

ఆరేళ్ల కిందట ఒకరింట్లో పందెం ఓడిన మగాళ్లు, ఈ కేకులావిడ డబ్బు తిని రంగు మార్చేసిందని నానా యాగీ చేశారు. ఆ రోజు నుంచి దిగ్నోరా ఒక పద్ధతి పెట్టుకుంది. లాబ్ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కేకు అట్ట కింద పెడుతుంది. కేకు కోశాక ఇంటి పెద్ద ఆ కాగితం తీసి అందరి ముందూ చదవాలి. ఇప్పుడది ఎంత అలవాటైపోయిందంటే, కాగితం చదవకపోతే పండగ సగమే అయిందని జనం అనుకుంటున్నారు.

బుధవారం పదిగంటలకి యొలేసీ బైకు టాక్సీ దిగి వచ్చింది.

"దీవెన, మద్రీనా" అంది గుమ్మంలోంచే.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది దిగ్నోరా గిన్నె అంచుకి గుడ్డు కొడుతూ.

దీవెన అడగకుండా ఆ గడప దాటే పిల్ల కాదు యొలేసీ. బాప్తిస్మం నాడు ఒళ్లో పట్టుకున్న మద్రీనా, అంటే జ్ఞానతల్లి, దిగ్నోరా. కన్నతల్లి పోయాక ఆ పిల్లకి మిగిలిన తల్లి కూడా ఆవిడే.

యొలేసీ చేతిసంచిలోంచి కవరు తీసి పిండి లేని చోటు చూసి పెట్టింది. "నాలుగువైపులా టేపు వేశా. మూతి మీద నా సంతకం కూడా పెట్టా. మా మరిది కవరు కనపడితే ఊరుకోడని నీకు తెలుసుగా."

"మీ అత్తగారేమంటోంది?"

"రెండు కుర్చీల్లో దిళ్లేసి, ఒకదాని కింద కత్తి, ఒకదాని కింద కత్తెర పెట్టి నన్ను కూర్చోమంది. నేను కత్తెర మీద కూర్చున్నానట. అంటే ఆడపిల్ల. ఆవిడకి నచ్చలేదు, ఇంకోసారి కూర్చోమంది."

"రెండోసారి?"

"మళ్లీ కత్తెరే" అంది యొలేసీ. నవ్వలేదు. మొగుడి మాటెత్తింది. "ఆడపిల్లయితే స్టార్లిన్ గుండు కొట్టించుకుంటాడట. కిరాణా కొట్టు ముందు అందరూ వింటుండగా ఒట్టేశాడు."

కాఫీ తాగమంటే వద్దంది. వెన్నా చక్కెరా గిలక్కొట్టిన గిన్నె ఎదురుగా ఉన్నా వేలు పెట్టి నాకలేదు. ముప్పై ఒకటో ఏడు వచ్చినా ఆ అలవాటు మానని పిల్ల, ఈరోజెందుకో గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడింది. వేవిళ్లు కాబోలు అనుకుంది దిగ్నోరా. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది యొలేసీ.

"నువ్వే చదువు మద్రీనా. ఇంకెవరి చేతికీ ఇవ్వకు. మొత్తం చదువు."

"నాకు చదవడం నేర్పుతున్నావుటే?"

పిండి సంచి మీద అచ్చేసింది కూడా పొల్లుపోకుండా చదివే మనిషని దిగ్నోరాకి వీధిలో పేరుంది. మందు సీసా కొంటే ముందు చీటీ చదివి, అందులో రాసిన బాధలన్నీ తనకు వచ్చేశాయని బెంగపడి, తర్వాత మందు మింగుతుంది.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని, తుడుచుకుని, కవరు ముందేసుకుని కూర్చుంది. టేపు కోసింది. లోపల మూతికి రెండు పిన్నులు కొట్టి ఉన్నాయి, పక్కనే ఇంకో నాలుగు ఖాళీ కన్నాలు. లాబ్‌లో పిల్లలకి పిన్ను కొట్టడం కూడా చేతకావట్లేదు అని గొణుక్కుంది. మామూలుగా అరచేయంత చీటీ ఉంటుంది, అందులో ఒకే మాట ఉంటుంది. ఇవాళ రెండు పెద్ద కాగితాలు వచ్చాయి. అలవాటుగా ఆ ఒక్క మాట కోసం వెతికిన ఆవిడ కళ్లు మొదట అడుగునున్న వరుస మీద పడ్డాయి. బిడ్డ లింగం: స్త్రీ.

"ఇక స్టార్లిన్ జుట్టుకి నూకలు చెల్లాయి" అని ఒక్కతే పైకి నవ్వింది.

తర్వాత మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. యొలేసీ పేరు, వయసు, పన్నెండు వారాలు. కింద బిడ్డ క్రోమోజోముల జతల గురించి మూడు వరుసలు. ఇరవై ఒకటో జత, తక్కువ ప్రమాదం. పదమూడో జత, తక్కువ ప్రమాదం. మధ్యలో పద్దెనిమిదో జతకి ఎదురుగా ఎర్ర అక్షరాలు: అధిక ప్రమాదం. వెంటనే వైద్యుణ్ని కలవవలెను.

ఇంకోసారి చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. పొయ్యిలో ఎవరిదో పుట్టినరోజు కేకు మాడిన వాసన వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

పక్కింటి చేలా పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి మానేసింది. పెరటి కంచె దగ్గరికి పిలిచి, పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి, దిగ్నోరా కాగితం చూపించింది.

"ఎవరిదిది?"

"ఎవరో. శాంతియాగో నుంచి వచ్చిన ఆర్డరు."

చేలా ఆ వేలికేసి చూసింది. అడగలేదు. "ఇలాంటి పిల్లల్ని ఆరుగుర్ని చూశాను నా సర్వీసులో. గుప్పెళ్లు ఇలా బిగించి పుడతారు, వేలి మీద వేలేసుకుని. చాలామంది అసలు పుట్టేదాకా రారు. వచ్చినవాళ్లకి గుండె బాగుండదు. రోజులు, వారాలు. ఎక్కడో ఒకరు ఏడాది దాటతారు."

"తప్పయ్యుండొచ్చా?"

"ఎందుకుండకూడదూ. ఇది జల్లెడే దిగ్నోరా, తూకం కాదు. జల్లెడలో ఆగిందల్లా రాయే అవ్వాలని లేదు. పొట్టలో సూది పెట్టి మాయలోంచి చిన్న ముక్క తీసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేరు." చేలా ఆరేసిన బట్టలు తీసి భుజాన వేసుకుంది. "నిజమే అయితే మాత్రం, కడుపు తీయించుకోవడం నేరమైన ఈ దేశంలో ఆ తల్లికి మొయ్యడం తప్ప ఇంకో దారి లేదు. ఇంతకీ ఆ పిల్లకి చెప్పారా?"

దిగ్నోరా కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఎవరు చెప్పాలి? ఫలితం కవర్లో ఇచ్చేశాం కదా అని లాబ్‌వాళ్లు నిశ్చింతగా ఉంటారు. కవర్లో రంగు తప్ప ఇంకేమీ లేదని తల్లి నిశ్చింతగా ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది మళ్లీ నెలకి. భూమ్మీద ఈ సంగతి తెలిసింది వెన్న చేతుల ఈ కేకులావిడకే. ఆలోచిస్తున్నకొద్దీ దిగ్నోరాకి దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. కోపమైతే చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది.

గురువారం పొద్దున్నే శాంతియాగో బస్సెక్కింది. లాబ్ కిటికీ దగ్గర పళ్లకి తీగ కట్టించుకున్న పిల్ల కూర్చునుంది, ఇరవై రెండేళ్లుంటాయేమో. దిగ్నోరా కవరు కిటికీలోంచి తోసింది.

"ఇది నాకెందుకొచ్చింది?"

ఆ పిల్ల పేరు చూసి, దిగ్నోరాని చూసి, చప్పున కాగితం బోర్లించింది. "మీరు పేషెంటు కాదు కదమ్మా. ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"అదేగా నేనడుగుతోంది! నేను కేకులు చేసుకునేదాన్ని. నాకు కావలసింది ఆడా మగా అన్న ముక్క. నువ్వు మొత్తం రిపోర్టు ఆ కవర్లో కుక్కేశావు."

"లేదమ్మా. రిపోర్టు పేషెంటు చేతికే ఇస్తాం. కేకుకి కావాలంటే ఆడా మగా అని చిన్న చీటీ వేరే కవర్లో పెడతాం. ఎప్పుడూ అంతే."

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

"నేనలా అన్లేదు..."

"వంటింట్లో పిండి కలుపుకునేదాని చేతికి చావు కబురు పంపి, కనే పిల్లకి బుడగలు ఊదుకోమని చెప్తారా? అక్కా చెల్లీ లేరా నీకు? రేపు నీకే ఇలా అయితే?" దిగ్నోరా గొంతు ఎంత పెరిగిందంటే వెనక వరసలో చంటిపిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. రిజిస్టరు తీసి, మిగతా పేర్ల మీద అరచెయ్యి పరిచి, ఒక వరుస చూపించబోయింది. "సంతకం పెట్టించుకునే ఇచ్చానమ్మా, చూడండి..."

"నీ సంతకాలు నాకెందుకు? తప్పు చేసి పుస్తకం చూపిస్తావా!"

కాపలా మనిషి వచ్చి మెల్లగా మోచెయ్యి పట్టుకున్నాడు. దిగ్నోరా రిజిస్టరు వైపు చూడకుండానే కవరు లాక్కుని బయటికి వచ్చేసింది. ఎండలో నిలబడి కాగితం మళ్లీ విప్పి చూసుకుంది. మొత్తానికి ఆ పిల్లని బాగా కడిగేశాననుకుంది. దానివల్ల ఒరిగిందేమీ లేదు. అధిక ప్రమాదం అన్న మాట అక్కడే, ఎర్రగా, అలాగే ఉంది.

చెప్పాల్సింది తనే అని తిరుగు బస్సులో తేలిపోయింది. శనివారం లోపల చెప్పాలి. పండగ చేసుకుని, మొగుడికి గుండు కొట్టించి, పేరు కూడా అనుకున్నాక ఆ పిల్ల నెత్తిన పిడుగు వేస్తే, ముందే తెలిసి ఎందుకు నవ్వనిచ్చావని అడగదూ? ఇంతకు ముందు రెండు కడుపులు పోయాయి ఆ పిల్లకి. రెండోసారి స్నానాలగదిలోంచి పిలిచింది దిగ్నోరానే. ఆ రోజు తుడిచిన నేల దిగ్నోరాకి ఇంకా గుర్తుంది. మళ్లీ అలాంటి కబురు ఈ నోటితోనే చెప్పాలా అని కిటికీ కమ్మీకి తల ఆన్చి ఏడ్చింది. పక్క సీటులో అరటిగెల పెట్టుకున్న ముసలాయన, ఎవరు పోయారమ్మా అని అడిగాడు. ఇంకా ఎవరూ పోలేదు అంది.

శుక్రవారం కవరు సంచిలో వేసుకుని యొలేసీ అత్తగారింటికి వెళ్లింది. ఇల్లంతా తిరునాళ్లలా ఉంది. సగం బుడగలు గులాబీ, సగం నీలం. అత్తగారు ఎనేయిదా వంటింట్లో కూర్చుని పాస్తెలీతోలు చేస్తోంది. పిండి ఒత్తి, మాంసం పెట్టి, కజ్జికాయలా మడిచి, అంచు ఫోర్కుతో నొక్కి పళ్లెంలో పేరుస్తోంది.

"రా వదినా! ఒక్క ముక్క చెవిలో వేసి పో. నీలమా, గులాబీయా?"

"నా మొహం చూసి చెప్పుకో."

"నీ మొహం చూస్తే నల్లరంగు కలిపినట్టుందే" అని ఎనేయిదా పకపకా నవ్వింది. దిగ్నోరా స్టూలు లాక్కుని కూర్చుంది. ఎనేయిదా తన ధోరణిలో తను ఉంది. "అసలు నాకీ రక్తం సంగతి నమ్మకం లేదు. మోచేతి నరంలో తీసిన రక్తానికి పొట్టలో వాడి సంగతి ఎలా తెలుస్తుంది?"

"తల్లి రక్తంలో బిడ్డది కూడా కాస్త కలుస్తుందట వదినా."

"అయితే ఎవరి ముక్కొస్తుందో కూడా అందులోనే రాసుంటారు. మా ముక్కే రావాలి. అదొక్కటే దేవుణ్ని అడిగాను."

యొలేసీ ఇస్త్రీ చేస్తోందంటే ఆ గదికి వెళ్లింది. అక్కడ ఇద్దరు ఆడపడుచులు మంచం మీద కూర్చుని రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. "ఒక్క నిమిషం పెరట్లోకి వస్తావే?" అంటే, "చొక్కా కాలిపోతుంది మద్రీనా" అంది యొలేసీ. కాసేపాగి అడిగితే స్నానానికి వెళ్లింది. ఇంకాసేపటికి నిమ్మకాయలు తెస్తానని కొట్టుకి వెళ్లింది. బుట్టలో అప్పటికే డజను నిమ్మకాయలున్నాయి. దిగ్నోరా వాటిని చూసింది గానీ, మనసు మనసులో లేక, ఏమీ అనుకోలేదు.

స్టార్లిన్ మాత్రం చెయ్యి పట్టుకుని పెరటి వైపు షెడ్డులోకి లాక్కెళ్లాడు. అతను కిటికీలకి, గేట్లకి ఇనుప కమ్మీలు అతికే పని చేస్తాడు. అక్కడ ఉయ్యాల తొట్టి నిలబెట్టి ఉంది. కమ్మీ కమ్మీకి మధ్య తన మూడు వేళ్లు పెట్టి చూపించాడు. "తల ఇరుక్కోకూడదు అత్తా, కొలిచి అతికాను. ఒక్క ముల్లు ఉందేమో చెయ్యి పెట్టి చూడు."

దిగ్నోరా చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా రాసింది. ముల్లు లేదు. గీకి గీకి అద్దంలా చేశాడు.

"రంగు?"

"రేపు సాయంత్రం, నీ కేకు కోశాక. రెండు డబ్బాలూ కొనిపెట్టా." అతను నెత్తి మీద నొక్కుల జుట్టు తడుముకున్నాడు. "మంగలిని కూడా పిలిచాననుకో. ఊరికే పాస్తెలీతోలు తినిపోతాడు, వాడికి పనేముంటుంది!"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, చూద్దాం అంది. కవరు సంచిలోనే ఉండిపోయింది. వర్షంలో తడుస్తూ ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. ఈ చేత్తో ఎంతమందికి పండగ చేశానో, ఒక్క బిడ్డకి నిజం చెప్పలేకపోయానే అని తనని తాను తిట్టుకుంది.

శనివారం అయిదున్నరకి లేచి పొయ్యి వెలిగించింది. చేతులకి వాటి పని వాటికి తెలుసు. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలక్కొట్టడం, గుడ్లు ఒక్కొక్కటీ వెయ్యడం, నారింజరసం, నిమ్మతొక్క కోరు, నల్ల వనిల్లా. రెండు కేకులూ చక్కగా పొంగాయి. పొంగకపోతే బాగుణ్ణని మనసులో ఉంది. కేకు చెడిపోతే పండగ వాయిదా పడుతుంది. వాయిదా పడితే సోమవారమో మంగళవారమో ఆ పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పవచ్చు.

పైన కప్పే నురగకి పాకం పెట్టింది. దాన్ని ఇక్కడ నిట్టూర్పు అంటారు. పాకం తీగ సాగగానే దించి, గిలక్కొట్టిన తెల్లసొనలో సన్నటి ధారగా పొయ్యాలి. తీగ వచ్చింది. దిగ్నోరా దించలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ముదురుపాకం అయింది, గోధుమరంగు తిరిగింది, మాడింది, పొగ లేచింది. ఫోను తీసి ఎనేయిదా నంబరు నొక్కబోయింది, కేకు పాడైందని చెప్పడానికి. గిన్నె అడుగున నల్లగా అంటుకున్న చక్కెర చూస్తే ముప్పై ఏళ్లలో ఎప్పుడూ రానంత సిగ్గేసింది. ఆ గిన్నె నానబెట్టి, ఇంకో గిన్నెలో మళ్లీ చక్కెర పోసింది.

తెల్లసొన సగం నురగ వచ్చేసరికి కరెంటు పోయింది. మిక్సరు పక్కన పెట్టి, ఈనెలతో అల్లిన చీపురుకట్ట లాంటి పాత గిలక తీసి చేత్తోనే కొట్టింది. భుజం పడిపోయేలా నొప్పెట్టింది. ఆ నొప్పి ఉన్నంతసేపూ ఇంకేమీ గుర్తురాలేదు. కొంత నురగ విడిగా తీసి గులాబీరంగు చుక్క వేసింది, లేత రంగు రాగానే ఆపింది. కేకుని అడ్డంగా కోసి మధ్యలో దాన్ని పరిచింది.

ఇక మిగిలింది కాగితం. పద్ధతి ప్రకారం అట్ట కింద పెట్టాలి. పెడితే నలభైమంది ముందు ఎనేయిదా కళ్లజోడు పెట్టుకుని గొంతెత్తి చదువుతుంది. దిగ్నోరా కత్తెర తెచ్చి అడుగునున్న ఒక్క వరుసని తిన్నగా కత్తిరించింది. ఆ ముక్కని ప్లాస్టిక్‌లో చుట్టి అట్ట కింద దోపింది. పైన మిగిలినదంతా మడిచి గుండె దగ్గర దాచుకుంది.

రెండింటికి కేకు ఒళ్లో పెట్టుకుని చేలా మేనల్లుడి కారులో వెళ్లింది. వంటింట్లో బల్ల మీద దించేసరికి, ముందురోజంతా చిక్కని యొలేసీ తనంతట తనే లోపలికి వచ్చి తలుపు మూసింది. తెల్ల గౌను వేసుకుంది. ఒక చెవికి గులాబీ పోగు, ఒక చెవికి నీలం పోగు.

"దీవెన, మద్రీనా."

దిగ్నోరా కుర్చీ లాగింది. దీవెన అడిగితే జవాబివ్వకపోవడం ఆవిడ బతుకులో అదే మొదటిసారి. "కూర్చోవే. నీకొకటి చెప్పాలి. ముందే చెప్పాల్సింది, నా చేతకానితనం. ఆ లాబ్ ముండ పొరపాటున..."

"ఆ పిల్ల పొరపాటేమీ లేదు" అంది యొలేసీ. "నాకిచ్చిన కవరు వేరే. ఆడా మగా చీటీ వేరే. చీటీ చింపేసి, రిపోర్టు నేనే నీ కవర్లో పెట్టాను. పిన్నులు పీకి మళ్లీ నేనే కొట్టాను."

దిగ్నోరా బల్ల అంచు పట్టుకుంది. ఖాళీ కన్నాలు, నిమ్మకాయలు, నాకకుండా వదిలేసిన గిన్నె, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకి వచ్చాయి. రిజిస్టరు మీద అరచెయ్యి పరిచిన ఆ తీగపళ్ల పిల్ల కూడా వచ్చింది.

"నీకు తెలుసా?"

"మంగళవారం నుంచి. బస్సులోనే తెరిచా. ఫోన్లో చూశా. ఏమవుతుందో అంతా తెలుసు."

"తెలిసీ నాకు ఒక్క మాట చెప్పవూ? నాలుగు రోజులే! నాలుగు రోజులు నన్ను ఇలా చంపుతావుటే?" గొంతు నొక్కి అరిచింది దిగ్నోరా. కోపం తన్నుకొచ్చింది, చెయ్యి ఎత్తబోయి ఆ చేత్తోనే నోరు మూసుకుంది.

"నోటితో చెప్పలేకపోయాను మద్రీనా. బుధవారం అందుకే వచ్చా. గుమ్మంలో నిలబడ్డా, నోరు రాలేదు. నువ్వు మొత్తం చదువుతావని తెలుసు. ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను, అందుకే నీ చేతిలో పెట్టి పారిపోయా. నువ్వు పెరట్లోకి రమ్మన్న ప్రతిసారీ, వస్తే ఏడ్చేస్తానని రాలేదు. ఏడిస్తే ఇవాళ ఇది జరగదు."

"ఇది జరగకపోతేనేం? ఏం పండగే ఇది?"

యొలేసీ కేకు మీద పడబోయిన ఈగని చేత్తో తోలింది. "ముందు రెండూ పోయాయి కదా. వాటి గురించి ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి మాట్లాడారా? ఉన్నట్టే లేవు, పోయినట్టే లేవు. ఇది కూడా అంతే అవుతుంది. సోమవారం తెలిశాక అందరూ గొంతు తగ్గించేస్తారు. దీని కోసం వీళ్లంతా ఒక్కరోజైనా గెంతాలి. దీనికి పుట్టినరోజు కేకు నువ్వు చేస్తావో లేదో నాకు తెలీదు. ఈ కేకు మాత్రం చేశావు."

"తప్పయ్యుండొచ్చని చేలా అంది. జల్లెడేనంది."

"నాకూ అదే ఆశ. సోమవారం రాజధానిలో సూది పరీక్ష. నేనే ఫోన్ చేసి రాయించుకున్నా." బయట ఎవరో తలుపు తట్టి కేకు కేకు అని అరిచారు. యొలేసీ గొంతు తగ్గించింది. "స్టార్లిన్‌కి రేపు చెప్తా. ఇవాళ చెప్తే ఆయన మొహంలో అంతా కనపడిపోతుంది. కాగితం అట్ట కింద పెట్టేశావా?"

"ఒక్క వరుసే పెట్టాను." దిగ్నోరా జాకెట్లోంచి మిగతాది తీసి చూపించింది.

యొలేసీ కత్తిరించిన అంచు మీద వేలు రాసింది. పెదవి పంటితో బిగపట్టి, తలుపు తీసి, "రండి, కేకొచ్చింది" అని కేకేసింది.

కేకు ఇద్దరూ కలిసి కోశారు, కత్తి మీద స్టార్లిన్ చెయ్యి, దాని మీద యొలేసీ చెయ్యి. ముక్క బయటికి రాగానే ఆడవాళ్ల అరుపులకి గోడ మీద బల్లి పారిపోయింది. స్టార్లిన్ ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత భార్యని ఎత్తబోయి, జ్ఞాపకమొచ్చి, ఎత్తకుండా మోకాళ్ల మీద కూర్చుని ఆమె పొట్టకి మొహం ఆన్చాడు. "నా తల్లే! వచ్చీ రాగానే నాన్న జుట్టు పట్టుకున్నావుటే!" అన్నాడు. అతను ఏడుస్తున్నాడని అందరికంటే ముందు మంగలికి తెలిసింది, ఎందుకంటే వాడప్పటికే పక్కన కుర్చీ వేసి తువ్వాలు దులుపుతున్నాడు.

ఎనేయిదా అట్ట కింద నుంచి కాగితం లాగి, చెయ్యి బారెడు దూరం పెట్టి చదివింది. "బిడ్డ లింగం: స్త్రీ. ఇంతేనా? మిగతాదేదీ వదినా? ప్రతివాళ్లకీ అరచేయంత చీటీ ఇస్తావు, మాకేమిటి పీలిక?"

"ఉన్న ముక్క చదివావుగా వదినా. మిగతాది కేకు కింద తడిసిపోయింది" అంది దిగ్నోరా.

"కత్తెర మీద రెండుసార్లు కూర్చున్నప్పుడే చెప్పాను" అని ఎనేయిదా అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆడపిల్ల అన్న మాట ఆవిడ నోట్లో అప్పుడే తియ్యగా మారిపోయింది. ముక్కు తమదే వస్తుందని కూడా తేల్చేసింది.

స్టార్లిన్ జుట్టు నొక్కులు నొక్కులుగా నేల మీద పడుతుంటే పిల్లలు ఏరుకుని పరుగెత్తారు. నున్నటి గుండు మీద ఎవరో తెల్లటి నురగ పూశారు. అతను అలాగే లేచి పాటకి అడుగులు వేశాడు. యొలేసీ ఒక మూల కుర్చీలో కూర్చుని, మొదటి ముక్క పూర్తికాకుండానే రెండో ముక్క పెట్టించుకుని తింది. పళ్లెంలో గులాబీ రంగు మిగిలితే వేలితో తీసి నాకింది. దిగ్నోరా కంటికి ఆ వేలు తప్ప ఆ సందడిలో ఇంకేమీ ఆనలేదు.

అయిదింటికి ఖాళీ అట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది. షెడ్డులో గుండు మనిషి గులాబీరంగు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపుతున్నాడు. యొలేసీ గేటు దాకా వచ్చింది.

"సోమవారం ఎన్నింటి బస్సు?" అంది దిగ్నోరా.

"ఆరింటిది."

"అయిదున్నరకల్లా ఇక్కడుంటా. ఆ తర్వాత ఇంకో రోజు శాంతియాగో వెళ్లాలి నేను. ఒక పిల్లకి క్షమాపణ చెప్పుకోవాలి. కేకు తీసుకెళ్తా."

యొలేసీ తలూపింది. అలవాటు ప్రకారం, వెళ్లేముందు కూడా అడిగింది. "దీవెన, మద్రీనా."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ."

దిగ్నోరా గేటు గడియ తియ్యబోతే యొలేసీ చెయ్యి వదల్లేదు. వెనక పాట హోరెత్తుతోంది, షెడ్డులోంచి కొత్త రంగు వాసన వస్తోంది. ఆమె గొంతు దగ్గరగా వస్తేగానీ వినపడలేదు.

"దానిక్కూడా అడుగుతున్నాను. తనంతట తను అడిగే వయసు దానికి వస్తుందో రాదో."

దిగ్నోరా చంకలోని అట్ట తీసి నేల మీద పెట్టింది. ఇంకా సరిగ్గా కనపడని ఆ పొట్ట మీద రెండు చేతులూ ఆన్చి, గుమ్మంలో నిలబడ్డ పెద్దపిల్లకి చెప్పినట్టే, వినపడేలా, ఆ మాటే మళ్లీ అంది.